కార్పెట్‌కి నీళ్లు పోస్తారు సరే, తీసేదెవరు?

ప్రశ్న: మా హాల్లో గోడ నుంచి గోడ దాకా పరిచిన లేత గోధుమరంగు కార్పెట్ ఉంది. వేయించి నాలుగేళ్లయింది. ఇప్పటిదాకా వాక్యూమ్ పెట్టడమే తప్ప ఒక్కసారి కూడా కడిగించలేదు. గుమ్మం నుంచి వంటింటి వైపు నల్లగా దారి పడిపోయింది. టీపాయ్ పక్కన కాఫీ ఒలికితే తుడిచాను. పోయిందనుకున్నాను, రెండో రోజుకి మళ్లీ అక్కడే తేలింది. సోఫా మూలన మా కుక్కపిల్ల మూడు నాలుగుసార్లు పోసింది. ముసురు పట్టిన రోజున ఆ మూల వాసన భరించలేం. ఇవి కాక బెడ్‌రూమ్‌లో మా అత్తగారు ఇచ్చిన ఉన్ని తివాచీ ఒకటి, ఎరుపు మీద తెల్ల పువ్వులు. మా ఆయన మెషీన్ అద్దెకు తెచ్చి ఒక్క ఆదివారంలో అన్నీ కడిగేస్తానంటారు. నేనేమో ఆ పని తెలిసినవాళ్లని పిలుద్దామంటాను. ఎవరి మాట వినాలి?

సమాధానం: ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. హాల్ కార్పెట్ మీ ఆయనకి వదిలేయండి. అత్తగారి తివాచీ దగ్గరికి మాత్రం ఆయన్నీ ఆ మెషీన్‌నీ రానివ్వకండి, అది తివాచీలు కడిగేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. కుక్కపిల్ల మూల సంగతి అడుగు ఎత్తి చూస్తే గానీ తేలదు. నా అనుమానం మాత్రం అదీ బయటివాళ్ల పనే అని. ఇక ఆ నల్లదారి గురించి నేను చెప్పబోయేది మీ ఇద్దరికీ నచ్చకపోవచ్చు.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక తివాచీని నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. ముదురు ఎరుపు అంచు, మధ్యలో పాలమీగడ రంగు ఉన్న ఉన్ని రగ్గు అది. ఒక సెలవురోజు దాన్ని మేడ మీదికి మోసుకెళ్లి, బట్టల సబ్బు పొడి బకెట్‌లో కలిపి పోసి, బ్రష్షుతో గంటసేపు తోమాను. నురగ పోవడానికి ఎన్ని బకెట్లు పోశానో లెక్కలేదు. తడిసిన రగ్గుని ఇద్దరం పట్టి ఎత్తబోతే లేవలేదు, అంత నీళ్లు తాగింది. ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఆరాక చూస్తే అంచు ఎరుపు మీగడ రంగులోకి నాలుగు వేళ్ల మేర పాకింది. పైన ముట్టుకుంటే చీపురు కట్టలా గరుకు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది నా పని.

దాన్ని చుట్టబెట్టి రగ్గులు కడిగే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పైవైపు చూడనే లేదు. తిరగేశాడు, బొటనవేలితో పోగులు విడదీసి మొదళ్లు చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఏ సబ్బు వాడానో అడుగుతాడనుకున్నాను. “ఎన్ని నీళ్లు పోశారు? ఎన్ని తీశారు?” అన్నాడు. రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తియ్యడమేమిటి, అవే ఆరిపోతాయి కదా అనుకున్నాను నేను.

మీ ఇంటి గొడవకి జవాబు ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. దుప్పటిని ఉతికి పిండుతాం, కార్పెట్‌ని పిండలేం. పైన కనిపించే పోగుల కింద ఒక గుడ్డ ఉంటుంది. ఆ గుడ్డకి జిగురు పూసి కింద మరో గుడ్డ అతికిస్తారు. గోడ నుంచి గోడకి వేసినవాటి కింద ఇంకా ఒక స్పాంజి పరుపు పరుస్తారు. మీరు పోసిన నీళ్లు ఇవన్నీ దాటి నేల దాకా దిగుతాయి. అలా దిగిన నీళ్లలో మెషీన్ పైకి లాగింది లాగగా మిగిలింది ఆవిరి కావాల్సిందే. నీరు ఆవిరవుతుంది గానీ అందులో కలిసిన సబ్బూ మురికీ ఎక్కడికీ పోవు. దీపంలో వత్తి నూనెని పైకి లాక్కున్నట్టు పోగులు ఆ మురికినీటిని చివరి దాకా లాక్కుంటాయి. నీరు అక్కడ ఆరిపోతుంది, మురికి అక్కడే దిగబడుతుంది.

మీ కాఫీ మరక తిరిగొచ్చింది ఇందుకే. మీరు తుడిచింది పైన ఉన్న కాఫీని. అడుగు గుడ్డలోకి దిగిన కాఫీ మీరు పోసిన నీళ్లలో కరిగి, ఆరే కొద్దీ పైకి ఎక్కింది. దాని మీద మళ్లీ నీళ్లు గుమ్మరిస్తే మళ్లీ అదే కథ. ఈసారి ఇలా చేయండి. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క రంగులేని డిష్‌వాష్ లిక్విడ్ వేసి, తెల్ల గుడ్డ ముంచి, గట్టిగా పిండి, మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రండి. రుద్దకూడదు, రుద్దితే పోగులు విచ్చుకుని మరక పోయినా ఆ చోటు తెలిసిపోతుంది. తర్వాత మామూలు నీళ్లతో ఇంకో గుడ్డ తడిపి అలాగే అద్దండి. చివరికి నాలుగు మడతలు వేసిన తెల్లటి పొడి తువ్వాలు మరక మీద పరిచి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన లావుపాటి పుస్తకాలు రెండు దాని మీద పెట్టి, రాత్రంతా వదిలేయండి. పైకెక్కాల్సిన కాఫీ కార్పెట్ పోగుల చివర ఆగకుండా తువ్వాల్లోకి ఎక్కుతుంది. పొద్దున తువ్వాలు తీసి అడుగు మడత చూస్తే లేత గోధుమరంగు వలయం కనిపిస్తుంది. మీరు పోయిందనుకున్న కాఫీ అదే.

తివాచీ మీద ఎప్పుడైనా రక్తమో పాలో పడితే మాత్రం వేడినీళ్లు ముట్టుకోకండి, చన్నీళ్లే. వేడికి అవి పోగుని గట్టిగా పట్టేస్తాయి.

ఇప్పుడు మీ ఆయన ఆదివారం సంగతి. ఆదివారం పొద్దున్నే మెషీన్ స్విచ్చి వేయడం కాదు పని మొదలెట్టడమంటే. కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువ భాగం పొడిదే: ఇసుక, దుమ్ము, వెంట్రుకలు, మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు. నీళ్లు తగిలితే అదంతా బురద. పొడిగా ఉన్నప్పుడు గాలితో లాగితే వచ్చేదాన్ని చేజేతులా బురద చేసుకుని మళ్లీ ఆ బురదని కడుగుతారు చాలామంది. ఎంత ఉందో తెలుసుకోవాలంటే కార్పెట్ వదులుగా ఉన్నచోట ఒక మూల కొద్దిగా ఎత్తి, కింద తెల్ల కాగితం పెట్టి, వెనక నుంచి స్క్రూడ్రైవర్ పిడితో పదిసార్లు కొట్టండి. వాక్యూమ్ పెట్టిన మర్నాడు చేసినా కాగితం మీద ఇసుక రాలుతుంది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో కాగితం చూస్తే తెలుస్తుంది.

అందుకని శనివారమే వాక్యూమ్ పెట్టేయండి. నడిచే దారిలో ఒక్కో పట్టీని నెమ్మదిగా నాలుగైదుసార్లు, ముందుకీ వెనక్కీ. అయ్యాక అడ్డంగా మరోసారి. చీపురుతో ఊడ్చినంత వేగంగా తోస్తే పైన నలకలే వస్తాయి, పోగుల మొదళ్లలో ఇసుక కదలదు. సంచీ నిండితే లాగే బలం తగ్గిపోతుంది, బ్రష్షుకి జుట్టు చుట్టుకుంటే అది తిరగదు. ఈ రెండూ ముందే చూసుకోండి.

మాటలో మాట, ఎవరు శుభ్రం చెయ్యాలన్న ఈ వాదన మీతో మొదలైంది కాదు. ఇంజన్‌తో నడిచే వాక్యూమ్ క్లీనర్ మొదలవడమే బయటివాళ్లని పిలిపించుకునే సేవగా మొదలైంది. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు చేసిన యంత్రం ఎంత పెద్దదంటే, గుర్రపు బండి మీద వీధిలోకి తెచ్చి ఇంటి ముందు నిలిపేవారు. పొడుగాటి గొట్టాలు కిటికీల్లోంచి లోపలికి వెళ్లేవి. 1902లో బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో తివాచీలు శుభ్రం చేసింది ఆ యంత్రమే. ఎవరింట్లో వాళ్లు తోసుకునే కరెంటు మెషీన్ తర్వాతి కథ. అమెరికాలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన, ఊడ్చే పనిలో దుమ్ముకి ఆస్తమా పడలేక, 1908లో ఒకదానికి పేటెంట్ తీసుకుని, తర్వాత వాక్యూమ్ క్లీనర్లకే పేరుపడ్డ హూవర్ కుటుంబానికి అమ్మాడు. అంటే పొడి దుమ్ము పని మన చేతికి వచ్చి వందేళ్లు దాటింది, దానికి ఇప్పుడు ఎవర్నీ పిలవక్కర్లేదు. గొడవంతా తడి పని దగ్గరే.

తడి పని మొదలెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ కార్పెట్ దేంతో చేశారు? వెనక లేబుల్ ఉంటే హాయి. లేకపోతే సోఫా కింద కనిపించని చోట రెండు మూడు పోగులు కత్తిరించి, చిన్న పటకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. నైలాన్, పాలిస్టర్, పాలిప్రొపిలిన్ లాంటివి కరిగి ముడుచుకుని గట్టి పూసలా తయారవుతాయి. వేడి పూసని చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది. కాగితం కాలిన వాసనతో గబగబా మండిందంటే నూలో, జనపనారో, విస్కోసో.

ఈ విస్కోస్‌తో (కలప గుజ్జు నుంచి తీసే పోగు) జాగ్రత్త. పట్టులా నిగనిగలాడుతుంది, ఆర్ట్ సిల్క్ అనో బ్యాంబూ సిల్క్ అనో పేరు పెట్టి అమ్ముతారు. తడిస్తే దాని పోగుకి బలం పోతుంది, పసుపుపచ్చగా తిరుగుతుంది, మెరుపు పోయి అణిగిపోతుంది. మంచినీళ్లు ఒలికి మచ్చపడ్డ విస్కోస్ రగ్గుల్ని చూశాను. అలాంటిది ఉంటే ఇంట్లో నీళ్లు తగలనివ్వకండి. బయటివాళ్లలో కూడా దాన్ని ముట్టుకోవడానికి వెనకాడేవాడే నమ్మదగ్గవాడు.

మీ హాల్ కార్పెట్ బహుశా నైలానో పాలిస్టరో అయి ఉంటుంది. అయితే మెషీన్‌కి తట్టుకుంటుంది. అయినా ఒక మూలన సబ్బునీళ్లలో ముంచిన తెల్ల గుడ్డని ఐదు నిమిషాలు ఒత్తి పెట్టి చూడండి. గుడ్డకి రంగు అంటితే అక్కడితో ఆపేయండి.

అద్దె మెషీన్ తెచ్చేటప్పుడు దాని బ్రష్షూ మురికినీళ్ల ట్యాంకూ తెరిచి చూడమని మీ ఆయనకి చెప్పండి. ముందు తీసుకెళ్లినవాళ్లింటి కుక్క వెంట్రుకలు మీ కార్పెట్‌కి ఎందుకు? దీన్ని స్టీమ్ క్లీనింగ్ అంటారు గానీ ఆవిరేమీ ఉండదు. వేడినీళ్లు చిమ్మి వెంటనే వెనక్కి లాగుతుంది, అంతే. సామాన్లన్నీ తీసేసి, గుమ్మానికి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ రావాలి, కడిగిన చోట మళ్లీ అడుగు పడకుండా. ఒకసారి నీళ్లు వదులుతూ లాగితే, అదే పట్టీ మీద నీళ్ల మీట వదిలేసి రెండు మూడుసార్లు ఉత్తినే లాగాలి. మగవాళ్లకి (మా ఇంట్లోనూ అంతే) మీట నొక్కడం మీద ఉన్న శ్రద్ధ వదిలేయడం మీద ఉండదు. గొట్టంలో నీళ్లు కనిపించడం మానేదాకా లాగడమే అసలు పని. అద్దె మెషీన్ కడిగేవాళ్ల పెద్ద మెషీన్‌లా బలంగా లాగలేదు. ఆ లోటు మన ఓపికతోనే పూడాలి.

సబ్బు సీసా మీద రాసిన కొలత దాటకండి, కాస్త తగ్గించినా నష్టం లేదు. నురగ ఎక్కువొస్తే బాగా శుభ్రమైనట్టు అనుకుంటాం. లోపల మిగిలిన సబ్బు ఆరాక జిగటగా ఉండి, తొక్కిన ప్రతి చెప్పు దుమ్మునీ పట్టేసుకుంటుంది. కడిగిన నెలకే ముందుకంటే మురికిగా తయారైందని గోల పెట్టే ఇళ్లలో చాలావాటికి జబ్బు ఇదే. అందుకే సబ్బు అయ్యాక మొత్తం హాలు ఉత్త నీళ్లతో మరోసారి లాగాలి. మెషీన్ ట్యాంకులో నురగ రావడం ఆగితే చాలు.

ఆరబెట్టడానికి ఫ్యాన్లన్నీ వేసి, బయట పొడిగా ఉంటే కిటికీలు తెరిచి ఉంచండి. ముసురు రోజైతే అసలు ఈ పని పెట్టుకోకండి. 6 నుంచి 12 గంటల్లో ఆరాలి. 24 గంటలు దాటినా చేతికి తడి తగులుతోందంటే నీళ్లు ఎక్కువయ్యాయనే. 24 నుంచి 48 గంటలు తడిగా ఉన్న చోట బూజు మొదలవుతుంది, అడుగున ముక్కవాసన పట్టిందంటే తీయడం కష్టం. సామాన్లు అంతకుముందే లోపల పెట్టాల్సి వస్తే కాళ్ల కింద అల్యూమినియం ఫాయిల్ ముక్కలు వేయండి. తడి కార్పెట్ మీద ఇనుప కాలు తుప్పు దిగుతుంది, చెక్క కాలు రంగు దిగుతుంది. కాఫీ మరక కంటే ఆ మచ్చలు మొండివి.

వెనిగర్, బేకింగ్ సోడా కలిపి పోసే వీడియోలు మీ ఆయన చూసే ఉంటారు. బుసబుసా పొంగడం చూడ్డానికి బాగుంటుంది. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, కలిస్తే ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటాయి. చివరికి మిగిలేది ఏదో లవణం కలిసిన నీళ్లే. బేకింగ్ సోడా ఒక్కదాన్నే పొడిగా చల్లితే వాసన కొంత తగ్గుతుంది, ఆ మెత్తటి పొడి వాక్యూమ్ ఫిల్టర్‌ని పూడ్చేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. బ్లీచ్ జోలికి మాత్రం పోవద్దు. రంగు ఎగిరిపోవడం ఒక్కటే కాదు, ఉన్నిని బ్లీచ్ ఏకంగా కరిగించేస్తుంది. అమోనియాతో గానీ వెనిగర్ లాంటి ఆమ్లంతో గానీ కలిస్తే విషవాయువు వస్తుంది, గదిలో ఉన్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

కుక్కపిల్ల మూలకి వద్దాం. మిగతా మరకల్లా చూసే దాన్ని చెడగొడతారు అందరూ. పైన అరచేయంత తడి కనిపిస్తే అడుగున పళ్లెమంత పరుచుకుని ఉంటుంది. మీ దగ్గర మూడు నాలుగుసార్లంటున్నారు, ముసురు పడితే వాసన అంటున్నారు. అంటే మూత్రంలోని యూరిక్ ఆమ్లపు లవణాలు కింద స్పాంజిలోనో నేలలోనో గడ్డకట్టి కూర్చున్నాయి. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా అవి మళ్లీ మేలుకుంటాయి. దాని మీద వేడినీళ్ల మెషీన్ నడిపితే కరిగి ఇంకాస్త దూరం పాకుతాయి. అందుకే చెబుతున్నాను, ఆ మూల సంగతి తేలేదాకా హాల్లో మెషీన్ మొదలెట్టకండి.

రాత్రి లైట్లన్నీ ఆర్పి అతినీలలోహిత టార్చి వేసి చూడండి. మూత్రం ఇంకిన చోటు మెరుస్తుంది, హద్దు ఎంతవరకో తెలుస్తుంది. గోడ దగ్గర కార్పెట్ అంచు లేపగలిగితే అడుగు చూడండి. అడుగు గుడ్డ శుభ్రంగా ఉంటే మీ అదృష్టం. ఎంజైమ్ క్లీనర్ (మూత్రం లాంటి మరకల్ని విరగ్గొట్టే ద్రావణం) తెచ్చి, మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత లోతుకీ దిగేలా పోసి, సీసా మీద చెప్పినంత సేపు తడిగానే ఉంచాలి. స్ప్రే కొట్టి పది నిమిషాల్లో తుడిచేస్తే ఆ డబ్బు దండగ. ముందుగా వేరే సబ్బులతో తోమేసి ఉంటే ఎంజైమ్ సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి ముందే ఉత్త నీళ్లతో అద్ది తీయండి. అమోనియా ఉన్న క్లీనర్లు అసలే వద్దు, ఆ వాసన కుక్కలకి మూత్రం వాసనలాగే ఉండి, మళ్లీ అక్కడికే వచ్చి పోస్తాయి.

అడుగు పచ్చగా మచ్చలుపడి ఉంటే మీరూ వద్దు, మెషీన్ వద్దు. మనిషిని పిలవండి. ఆ మనిషి కూడా పైపైన కడిగి సెంటు కొట్టి వెళ్తానంటే పంపించేయండి. కార్పెట్ ఆ మేరకు లేపి, కింది స్పాంజి ముక్క కోసి తీసేసి, నేల శుభ్రం చేసి, కొత్త ముక్క వేసి, మళ్లీ లాగి బిగించాలి. ఇంట్లో మనం లేపగలం గానీ ముడతలు రాకుండా తిరిగి బిగించడం మన చేత కాదు. ఎలాగూ ఆయన వస్తున్నాడు కాబట్టి హాలు మొత్తానికి ఎంతవుతుందో కూడా ఒక మాట అడగండి. మెషీన్ అద్దె, సబ్బు, మీ ఇద్దరి ఆదివారం, సోమవారం నడుంనొప్పి ఒక పక్క రాసి, ఆయన చెప్పింది ఇంకో పక్క రాసి చూసుకోండి. తేడా మీరనుకున్నంత లేకపోతే మీ ఆయన్ని ఆదివారం పడుకోనివ్వండి. ఇంకో సంగతి, కార్పెట్ కొన్నప్పటి వారంటీ కాగితం ఉంటే తీసి చదవండి. అప్పుడప్పుడు పనివాళ్లతో కడిగించిన రసీదు ఉంటేనే వారంటీ చెల్లుతుందని రాసే కంపెనీలున్నాయి. తయారీదారులు చాలామంది 12 నుంచి 18 నెలలకోసారి లోతుగా కడగమంటారు. మీరు నాలుగేళ్లు ఆగారు, కుక్కపిల్ల కూడా ఉంది.

ఇక అత్తగారి తివాచీ. ముందు తిరగేసి చూడండి. ముందువైపు పువ్వులు వెనకవైపు కూడా స్పష్టంగా కనిపిస్తే చేత్తో ముడులు వేసిందో, మెషీన్ మీద నేసిందో. వెనక ఉత్త గుడ్డ అతికించి ఉంటే అది గన్‌తో పోగులు గుచ్చి జిగురుతో నిలబెట్టిన రకం. అదే అయితే నీళ్లు బాగా తాగితే జిగురు దెబ్బతిని గుడ్డ ఊడొస్తుంది. ఏ రకమని తేలినా మీ అత్తగారితో ఆ మాట అనకండి. రెండిట్లో ఏదైనా మీ ఇంట్లో కడగాల్సింది కాదు. ఎరుపు పక్కన తెలుపు అంటున్నారు, నా రగ్గు కథ విన్నారు. పైగా ఉన్నికి ఒక గుణం ఉంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. ఆరిందనుకుని మంచం కింద పరిచేస్తాం, లోపల నూలు పడుగు ఇంకా తడిగానే ఉండి పుచ్చుతుంది.

తెలిసినవాళ్లు దాన్ని ముందు బోర్లా వేసి వెనక నుంచి దులుపుతారు, నీళ్లు తగలకముందే ఇసుకంతా రాలిపోతుంది. ప్రతి రంగునీ విడిగా పరీక్షిస్తారు. కడిగాక రోలర్ల మధ్య పిండో, గిర్రున తిప్పే యంత్రంలో వేసో నీళ్లు తీసేస్తారు. మన ఇంట్లో లేనిది ఈ చివరిదే. మీరు చేయాల్సింది బ్రష్షు తిరగకుండా ఆపి వాక్యూమ్ పెట్టడం, కుచ్చుల మీదికి వాక్యూమ్ మూతి పోనివ్వకపోవడం, ఆరు నెలలకోసారి అటు కొస ఇటు తిప్పి పరచడం. మంచం కిందికి వెళ్లిన భాగాన్ని కూడా అప్పుడు చూడండి. చీకట్లో కదలిక లేని చోట చిమ్మట పురుగులు ఉన్నిని తింటాయి. పోగులు ఎత్తితే బియ్యపుగింజంత గూళ్లు, పోగులు లేచిపోయి బోసిగా ఉన్న చోట్లు కనిపిస్తే కడగడానికి ఇచ్చేటప్పుడే చెప్పాలి.

పనివాళ్లని పిలిచామంటే మన బాధ్యత తీరిపోయినట్టు కాదు. నేను మేడ మీద పాఠం నేర్చుకున్నాక, హాల్ కార్పెట్‌కి ఫోన్ చేసి ఒక సంస్థవాళ్లని పిలిచాను. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, సోఫాలు తీయలేదు, వాక్యూమ్ పెట్టలేదు. అరగంటలో నురగ కొట్టి, లాగీ లాగకుండా లాగి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. మేజోళ్లతో నడిస్తే చప్పచప్పమంది. మూడో రోజుకి ముక్కవాసన. మళ్లీ ఫోన్ చేస్తే వాసన తీయడానికి ఛార్జీ వేరే అన్నారు. అప్పటినుంచి ఫోన్‌లోనే అడుగుతున్నాను: నీళ్లు తగిలేముందు వాక్యూమ్ మీరు పెడతారా, ఎన్ని గంటల్లో ఆరుతుంది, రంగు దిగితే ఎవరిది పూచీ, సామాన్లు జరపడానికీ మరకలకీ వాసనకీ వేరే లెక్కా. జవాబులు కాగితం మీద రాయించుకోండి. “ఎలాంటి మరకైనా పోగొడతాం” అన్నవాడికంటే “చూస్తే గానీ చెప్పలేం” అన్నవాడు మేలు. ఇంటికొచ్చాక ఆయన మోకాళ్ల మీద కూర్చుని పోగులు విడదీసి చూస్తాడో, గుమ్మంలో నిలబడే రేటు చెబుతాడో గమనించండి. నాకు అదొక్కటి చాలు.

నల్లదారి మిగిలింది. అదంతా మురికి కాకపోవచ్చు. చెప్పులతో వచ్చిన ఇసుక నాలుగేళ్లపాటు పోగుల్ని ఆకురాయిలా గీరుతుంది. గీతలుపడ్డ పోగు వెలుతురుని సరిగా తిప్పికొట్టలేక మసగ్గా కనిపిస్తుంది, పాత కళ్లద్దాల్లాగా. తెలుసుకోవడం తేలికే. దారి మధ్యలో అరచేయంత చోటు బాగా వాక్యూమ్ పెట్టి, సబ్బునీళ్లలో పిండిన తెల్ల గుడ్డతో అద్దండి. గుడ్డ నల్లబడి ఆ చోటు తేటపడితే మురికే, మెషీన్‌కి పోతుంది. గుడ్డ తెల్లగానే ఉండి మచ్చ కదలకపోతే అది అరుగుదల. మీ ఆయనా పోగొట్టలేరు, మీరు పిలిచిన మనిషీ పోగొట్టలేడు. వంటింటి వైపు చివర మాత్రం నూనె జిడ్డు కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ కొంత తేటపడుతుందని నా అంచనా. సోఫాని ఒక అడుగు జరిపితే నడిచే దారి మారుతుంది. గుమ్మానికి బయటొకటి, లోపలొకటి గరుకు పట్టాలు వేయండి, ఇసుక సగం అక్కడే రాలుతుంది.

కాబట్టి వరస ఇది: ముందు టార్చి వేసి మూల చూడండి, అవసరమైతే ఆ పని పూర్తి చేయించండి. తివాచీని చుట్టి, మడత పెట్టకుండా, కడిగేవాళ్లకి పంపండి. కాఫీ మరకకి తువ్వాలు వైద్యం ఒక రాత్రి. అప్పుడు శనివారం వాక్యూమ్, ఆదివారం మెషీన్. సోమవారం పొద్దున మీ ఆయన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఆ సోఫా మూలని వాసన చూడమనండి. మీకంటే ముందు కుక్కపిల్ల వెళ్లి చూడకుండా రాత్రంతా హాల్ తలుపు గడియ పెట్టే ఉంచండి.